మా ఇన్నోవా మైలేజ్ గోల

మా డీజిల్ ఇన్నోవా మీటర్‌లో లీటరుకి 12 కిలోమీటర్లు చూపిస్తుంటే నేనూ అదే నమ్ముకుని కూర్చున్నా, మొన్న ఫుల్ ట్యాంక్ కొట్టించి ట్రిప్ మీటర్ జీరో చేసి, మళ్లీ అదే బంకులో ఆటో కటాఫ్ దాకా (పంపు దానంతటదే ఆగేదాకా) నింపితే 530 కిలోమీటర్లకి 52 లీటర్లు పట్టింది, అంటే 10 చిల్లర! గుండె గుభేల్‌మంది.

ముందు టైర్లు చూశా. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినదానికంటే గాలి 7 పాయింట్లు (పీఎస్ఐ) తక్కువుంది (గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, ఎండలో తిరిగొచ్చాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది). పైన క్యారియర్, ఎప్పుడో తిరుపతి వెళ్లినప్పుడు బిగించింది, అలాగే ఉంది. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే అర దోసెడు మట్టి.

అన్నిటికంటే పెద్ద దొంగ నా కుడికాలే. 80లో వెళ్లేదానికంటే 100లో బండిని ఆపే ఎదురుగాలి ఒత్తిడి ఒకటిన్నర రెట్లు, అందులో ఇది బీరువా లాంటి బండి. ఈసారి విజయవాడ నుంచి హైదరాబాద్ 80 దాటకుండా వచ్చా, వెనక సీట్లోంచి మా ఆవిడ "ఎడ్లబండి నయం" అంటూనే ఉంది. 13 వచ్చింది. ఏసీ మాత్రం ఆపలేదండి, మే నెలలో అది నా వల్ల కాదు.