గ్యాస్ గీజర్ పొగ ఎటు పంపాలి? బెంగళూరు ఫ్లాట్‌లో నా అనుభవం

మేముండేది మారతహళ్లి దగ్గర. అపార్ట్‌మెంట్‌కి గెయిల్ గ్యాస్ పైపులైను వచ్చాక, కరెంటు గీజర్ తీసేసి గ్యాస్‌ది పెట్టుకుందాం అనుకున్నాం. అత్తయ్య, మామయ్య వచ్చి ఉన్నప్పుడు డిసెంబరు చలిలో 15 లీటర్ల ట్యాంకు ఎవరికీ చాలదు. గీజర్ కొనడం ఒక పూట పని. దాని పొగ ఎటు పంపాలో తేల్చుకోవడానికే రోజులు పట్టాయి.

"బాత్రూంలోనే తగిలించేయండి మేడమ్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా" అన్నారు షాపులో. నేను ఒప్పుకోలేదు. ఒక క్యూబిక్ మీటరు పైపు గ్యాస్ పూర్తిగా కాలాలంటే దాదాపు 10 క్యూబిక్ మీటర్ల గాలి కావాలి. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవున్న మా బాత్రూంలో ఉండేదే 8 క్యూబిక్ మీటర్లు. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గ్యాస్ లీకైతే వాసన పట్టేస్తాం, ఈ కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల తిరుగుతోందని తెలిసేసరికి లేచి గడియ తీసే ఓపిక కూడా ఉండకపోవచ్చు. పిల్లలు తలుపేసుకుని స్నానం చేసే చోట అలాంటిది పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ప్లంబర్‌ది హిందూపురం వైపు. "షాఫ్ట్‌లోకి పైపు వదిలేద్దాం అక్కా" అన్నాడు. షాఫ్ట్ అంటే బాత్రూంల వెనక కింది నుంచి పైదాకా ఉండే ఇరుకు ఖాళీ. మా దానికి వాన పడకుండా పైన రేకు కప్పేశారు, అందరి బాత్రూం కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి. మా పొగ పై అంతస్తు వాళ్ల ఇంట్లోకి పోతుంది. అదీ వద్దన్నాను.

మిగిలింది వంటింటి వెనక యుటిలిటీ, అంటే గిన్నెలు తోముకునే చిన్న బాల్కనీ. అది బయటే కదా అంటారు చాలామంది. పావురాల బాధ పడలేక మేం దానికి గ్లాసు కిటికీలు బిగించాం. అలా మూసేశాక అదీ ఒక గదే.

పొగ తన వేడికి తానే పైకి లేచి పోయే నేచురల్ డ్రాఫ్ట్ రకం చవక. కానీ దానికి నిటారుగా కొంత ఎత్తు పైపు ఉండాలి, మా నెత్తిన పై వాళ్ల యుటిలిటీ ఉంది. పైగా పక్కనే వంటింటి చిమ్నీ. పక్క ఫ్లాట్‌లో ఆ రకం గీజరే ఉంటే, వాళ్లనడిగి కిటికీలన్నీ మూసి, చిమ్నీ ఫుల్ స్పీడులో పెట్టి, పొగ గొట్టం మొదట్లో అగరుబత్తి పట్టుకుని చూశాం. గొట్టంలోకి వెళ్లాల్సిన పొగ మా మొహాల మీదికి తిరిగొచ్చింది. ఇంట్లోని గాలిని చిమ్నీ బయటికి లాగేస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి గొట్టంలోంచి గాలి వెనక్కి వస్తోంది. ఆ రోజే వాళ్లు యుటిలిటీ కిటికీలు తీయించి గ్రిల్ మాత్రం ఉంచుకున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది బ్యాలెన్స్‌డ్ ఫ్లూ. జంట పైపు ఉంటుంది, ఒక దారిన గాలి బయటి నుంచే తీసుకుని, ఇంకో దారిన పొగ బయటికే వదులుతుంది. పైపు గ్యాస్‌కి సరిపోయే ఆ మోడల్ మేం తిరిగిన షాపుల్లో లేదు. సిలిండర్ మోడల్‌ను అలాగే పైపు గ్యాస్‌కి కలపకూడదు, ప్రెజర్ వేరు, మంటకి గ్యాస్ వదిలే జెట్ రంధ్రాల సైజు వేరు. అందుకని ఫ్యాన్‌తో పొగను బయటికి నెట్టే ఫోర్స్‌డ్ రకం తీసుకున్నాం.

కిటికీలో పైన ఒక గ్లాసు తీసి, కన్నం పెట్టిన అల్యూమినియం రేకు బిగించాం. ప్లంబర్ దగ్గర పీవీసీ పైపు ముక్క ఉందట, ఖర్చు కలిసొస్తుందన్నాడు. వేడికి పీవీసీ మెత్తబడి జాయింట్లు వదిలేస్తాయి. గీజర్‌తో వచ్చిన స్టీలు పైపే వేయించాను, వాన నీళ్లు లోపలికి రాకుండా బయటివైపుకి కాస్త వాలుగా. ఫ్యాన్ పొగను నెడుతుంది గానీ, మంటకి గాలి మాత్రం గదిలోంచే తీసుకుంటుంది. అందుకే కింద ఒక కిటికీ రెక్క మొత్తం తీసేసి జాలీ కొట్టించాం. గ్యాస్ లైను కలిపింది గ్యాస్ కంపెనీ మనుషులే.

వంటింటికీ హాలుకీ మధ్య కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాం. మంట నీలంగా కాక పసుపుగా కనిపిస్తే గీజర్ ఆపేయాలని, అలారం మోగితే ముందు అందరూ బయటికి రావాలని అత్తయ్యకి, పనమ్మాయికి చెప్పి ఉంచాను. జనవరిలో గిన్నెలు తోమేటప్పుడు జాలీలోంచి చలిగాలి కొడుతోందని ఇద్దరూ అన్నారు. గిన్నెలు వంటింటి సింకులోకి మార్చాం గానీ, ఆ జాలీకి అట్టముక్క మాత్రం అడ్డం పెట్టనివ్వలేదు.