రాత్రిపూట తూము ఎత్తేవాళ్ల ఉద్దేశం

నెల్లూరు వైపు, సముద్రపు పోటు నీళ్లు వచ్చిపోయే కండలేరు క్రీక్ వెంబడి రొయ్యల గుంటలున్న మా ఊళ్లలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది, "వాడి ఉద్దేశం మంచిదేలే" అని. ఎవరో చేసిన పని బెడిసికొట్టి పక్కవాడు నష్టపోయాక ఈ మాట వస్తుంది, వచ్చిందంటే పంచాయితీ అక్కడితో ముగిసినట్టే. నాకు ఈ మాటతోనే పేచీ. అంత మంచి ఉద్దేశమే ఉంటే, చేసే ముందు పక్కవాడి గతేంటని ఒక్క నిమిషం ఎందుకు ఆలోచించలేదు?

వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలిన రొయ్యల గుంటను చూసినవాళ్లకి నేను చెప్పేది తొందరగా అర్థమవుతుంది. రొయ్యలు తింటున్నాయో లేదో చూడ్డానికి గుంటలో దించే చెక్ ట్రేలో నిన్నటిదాకా మేత ఖాళీ అవుతూ ఉంటుంది, ఒక పొద్దున తీసి చూస్తే వేసింది వేసినట్టే ఉంటుంది. రొయ్యలు గట్టు పక్కకి చేరి నీరసంగా తేలుతుంటాయి. ఒకదాన్ని పట్టి తల మీది పెంకు ఒలిచి వెలుతురులో పెడితే లోపలివైపు తెల్లమచ్చలు కనిపిస్తాయి. ఆ తర్వాత చాలాసార్లు వారం పది రోజుల్లో గుంట మొత్తం పోతుంది. 1994-95లో ఈ జబ్బు మన కోస్తాని కొట్టినప్పుడు టైగర్ రొయ్య మీద ఆశతో అప్పులు చేసినవాళ్లు ఎందరో కూలిపోయారు. టైగర్ పోయి వనామీ అనే ఇంకో రకం రొయ్య వచ్చింది, జబ్బు మాత్రం పోలేదు, దాన్ని నయం చేసే మందూ రాలేదు.

గుంట పోయాక రైతు చేయాల్సింది ఏంటో అందరికీ తెలుసు. తూములు మూసేసి, నీళ్లకి బ్లీచింగ్ కొట్టి, కొన్ని రోజులు కదలకుండా నిలబెట్టి అప్పుడు వదలాలి. చచ్చిన రొయ్యల్ని కాకులు ఎత్తుకుపోయి పక్క గుంటలో పడెయ్యకుండా ఏరి పూడ్చిపెట్టాలి. పెట్టుబడి మొత్తం మునిగినవాడికి ఆ బ్లీచింగ్ బస్తాల ఖర్చు కూడా భారమే, నేను కాదనను. కానీ రాత్రి పన్నెండింటికి తూము ఎత్తి ఆ జబ్బు నీళ్లని క్రీక్‌లోకి వదిలేస్తే పైసా ఖర్చు లేదు. పోటుకి ఆ నీళ్లే పైకి, పాటుకి ఆ నీళ్లే కిందకి, తెల్లారేసరికి ఇంకొకడు మోటారు వేసి అవే నీళ్లు తన గుంటలోకి తోడుకుంటాడు.

జర్మనీ తత్వవేత్త కాంట్ 1785లో ఒక పరీక్ష చెప్పాడు. నువ్వు ఏ సూత్రం పట్టుకుని ఈ పని చేస్తున్నావో, ఆ సూత్రాన్నే అందరూ పాటించాలని నువ్వు మనస్ఫూర్తిగా కోరుకోగలవా అని. తూము ఎత్తేవాణ్ణి అడిగి చూడండి. క్రీక్ శుభ్రంగా ఉండాలని వాడికీ ఉంటుంది, రేపు మళ్లీ గుంటలో రొయ్య పిల్ల వేయాల్సినవాడే కదా. మిగతావాళ్లందరూ బ్లీచింగ్ కొట్టాలి, తనకి మాత్రం ఈ ఒక్కసారికి మినహాయింపు కావాలి. వివేకం అంటే పెద్ద చదువులు, తెలివితేటలు అని అనుకుంటాం గానీ, నా వరకు అది ఈ మినహాయింపు దగ్గర ఆగి, దాన్ని నాకు నేను ఇచ్చుకోకపోవడం. ఇందుకు చదువు అక్కర్లేదు, పక్కవాడి పంటని మన పంటలాగే లెక్కలో వేసుకుంటే చాలు.

కాంటే ఇంకో సంగతి కూడా చెప్పాడు. చిన్నపిల్లాడు వచ్చినా ఎక్కువ రేటు వేయకుండా అందరికీ ఒకే ధరకి అమ్మే కొట్టు యజమాని ఉన్నాడనుకోండి. వ్యాపారం నిలబడాలని అలా చేస్తున్నాడా, అదే న్యాయమని చేస్తున్నాడా బయటికి తెలియదు. పగలు బ్లీచింగ్ కొట్టేవాడి విషయమూ అంతే. పక్క గుంటల వాళ్లు గొడవకి వస్తారనే భయంతో కొట్టినా నీళ్లు శుభ్రమే అవుతాయి, అది తక్కువేమీ కాదు. కాకపోతే ఎవరూ చూడని రాత్రి వాడు ఏం చేస్తాడో మనం చెప్పలేం.

ఇది దురుద్దేశం సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టేది రెండో రకం. గుంట పోతోందని ఏడుస్తున్న రైతుకి, పాపం నిజంగా మేలు చేద్దామనే, యాంటీబయాటిక్ పౌడర్ తెచ్చి మేతలో కలపమని చెప్పే స్నేహితుడు. వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదు, రొయ్య బతకదు. పైగా నిషేధం ఉన్న మందైతే, నైట్రోఫ్యూరాన్ లాంటిది, దాని అవశేషాలు దొరికినందుకు మన దేశం నుంచి వెళ్లిన సరుకుని యూరప్‌లో తిప్పి పంపిన సందర్భాలున్నాయి. ఆ దెబ్బ మందు వాడని రైతు ధర మీద కూడా పడుతుంది. ప్రేమ ఉంది, కన్నీళ్లున్నాయి, తెలుసుకునే ఓపిక మాత్రం లేదు. తెలుసుకోగలిగి కూడా తెలుసుకోకపోతే దాన్ని మంచి ఉద్దేశం అనడానికి నాకు మనసొప్పదు.

భారతంలో కర్ణపర్వంలో కౌశికుడి కథ ఉంది. ఎప్పుడూ నిజమే చెప్తానని వ్రతం పట్టిన తపస్వి. దొంగలకి భయపడి కొందరు అడవిలో దాక్కుంటే, ఎటు పోయారని దొంగలు అడగ్గానే చూపించేశాడు. వాళ్లు చచ్చారు, కౌశికుడు నరకానికి పోయాడు. అన్నగారి మీదికి కత్తి దూసిన అర్జునుడికి, ప్రతిజ్ఞ చేశాను కాబట్టి చంపి తీరాలి అంటున్నవాడికి, కృష్ణుడు చెప్పే కథ ఇది. విచిత్రమేమిటంటే, 1797లో కాంట్ దాదాపు ఇదే ప్రశ్న ఎత్తుకుని, చంపడానికి వచ్చినవాడు అడిగినా అబద్ధం చెప్పకూడదన్నాడు. తూము పరీక్ష నేర్పినవాడే అయినా, ఇక్కడ నేను కృష్ణుడి వైపే. తన వ్రతం చెడకుండా చూసుకున్న కౌశికుడు దాక్కున్నవాళ్ల ప్రాణాలని లెక్కలోనే వేసుకోలేదు.

మా మేనమామ గుంటకి జబ్బు తగిలినప్పుడు ఆయన మొదట చేసిన పని, అదే క్రీక్ మీద ఉన్న గుంటల వాళ్లకి ఫోన్లు. "నా గుంట పోయింది, మోటార్లు ఆపుకోండి." మేత అప్పు ఇచ్చినవాళ్లకి తెలిస్తే ఇంటి మీదికొస్తారు, నాలుగు రోజులు ఆగు మామా అని ఇంట్లో అందరూ చెప్పారు. "వాళ్లు నీళ్లు తోడుకున్నాక చెప్పి ఏం లాభం అబ్బయా?" అన్నాడు. అప్పులవాళ్లు వచ్చారు కూడా, అది వేరే కథ.

ఇప్పుడు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే కౌంట్ వారీగా, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి, ధరలు వచ్చేస్తున్నాయి. జబ్బు కబురు మాత్రం ఎవరూ పెట్టరు, ఎక్కడో టీ కొట్టు దగ్గర గుసగుసగా తెలియాల్సిందే. ఈ పంట నుంచైనా, చెక్ ట్రేలో మేత మిగిలిన రోజే గ్రూపులో ఒక ముక్క పెట్టండి. పెట్టినవాణ్ణి అప్పులవాళ్లు చుట్టుముడితే మిగతావాళ్లం పక్కన నిలబడదాం.