ఆసనానికి దేవత కూర్మం

పూజకి కూర్చునేటప్పుడు చదివే మంత్రం ఒకటుంది: "మేరుపృష్ఠ ఋషిః, సుతలం ఛందః, కూర్మో దేవతా, ఆసనే వినియోగః." చిన్నప్పటి నుంచీ గడగడా అప్పజెప్పేసేవాణ్ణే గానీ, మన పీటకి దేవత తాబేలని ఈ మధ్యే బుర్రకెక్కింది. అదీ ఎలాగంటే, ఉపాధి హామీ పనిలో.

మాది శ్రీకాకుళం పక్క పల్లెటూరు. కూర్మనాథుడు మాకు ఇంటి దేవుడి లెక్క. గార మండలం శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ఎదురుగా ఒకటి కాదు, రెండు ధ్వజస్తంభాలు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళుంటాయి, పిల్లలకి స్వామి కంటే ముందు అవే కావాలి, తోటకూర కట్ట పట్టుకుని పరిగెడతారు. ఇక్కడొక మాట చెప్పాలి. నక్షత్ర తాబేలు మెట్ట జీవి, దానికి ఈత రాదు. ఎక్కడో దొరికిందని తెచ్చి పుణ్యం కోసం చెరువులో వదిలితే అది మునిగి చస్తుంది. కలిసొస్తుందని ఇంట్లో పెట్టుకోవడం ఇంకో పిచ్చి, 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం కూడా.

సరే, పనిలోకి వస్తాను. వేసవిలో మా చెరువు పూడిక తీస్తుంటే ఒకడి గునపం పక్కన మట్టి కదిలింది. చేత్తో తవ్వితే నీటి తాబేలు. నీళ్ళు ఎండిపోతే ఇది బురదలోకి దిగి వానలొచ్చేదాకా అలా పడుంటుంది. పళ్ళెమంత ఉంది, డిప్ప తడిసిన తోలులా నున్నగా ఉంది, పైకెత్తగానే తల, కాళ్ళు లోపలికి లాగేసుకుంది. దీనికి కింద వైపు వెనక తోలు రెక్కలుంటాయి, కాళ్ళు లోపలికెళ్ళాక అవి తలుపుల్లా మూసుకున్నాయి. "యదా సంహరతే చాయం కూర్మోఽఙ్గానీవ సర్వశః" అని గీత రెండో అధ్యాయంలో చదవడమే తప్ప, అరచేతుల్లో పెట్టుకుని చూడటం అదే మొదటిసారి. ఇంద్రియాల్ని విషయాల నుంచి వెనక్కి తీసుకున్నవాడు స్థితప్రజ్ఞుడని కదా స్వామి చెప్పింది. కానీ నక్క వస్తే ఆ ముడుచుకోవడం సరిపోతుంది గానీ, గోనెసంచి పట్టుకొచ్చిన మనిషి ముందు ఆ విద్య పనిచెయ్యదు. ఒకడు అప్పటికే "కూరకి బాగుంటాది" అన్నాడు.

మా పెద్దమ్మ తట్ట కింద పడేసి వచ్చింది. "ఒరే, దించరా దాన్ని. కూర్మనాథుడి పక్కూర్లో ఉండి ఇదేటి పని?" తట్టలో తడి మట్టి పోసి, దాన్ని పెట్టి, మదుము దగ్గర మిగిలిన గుంటలో వదిలింది. బొట్టు పెడదామని ఇంకొకావిడ కుంకుమ భరిణె తీస్తే, "బొట్టు నీకు పెట్టుకో, దానికి నీళ్ళు సాలు" అంది. నాకు తెలిసిన వ్యాఖ్యానాలన్నిట్లో అదే గొప్పది.

భాగవతం అష్టమ స్కంధంలో ఒక ముచ్చట ఉంది. మందర పర్వతం వీపు మీద గిరగిరా తిరుగుతుంటే స్వామికి అది దురద గోకినట్టు హాయిగా అనిపించిందట. పైన లక్ష్మి వచ్చింది, ఐరావతం వచ్చింది, అమృతం కోసం కొట్లాట. కిందున్న వీపు వైపు ఎవరు చూశారు? మా చెరువులోదీ అంతే, నత్తల్ని, చచ్చిన చేపల్ని తిని నీళ్ళు కుళ్ళకుండా చూస్తుంది. దాన్ని తల్చుకునేవాడే లేడు.

గుడి కోనేరు ఒక జాతినే నిలబెట్టిన కథ అస్సాంలో ఉంది. బ్రహ్మపుత్ర ప్రాంతపు నల్ల మెత్తడిప్ప తాబేలు బయట ఎక్కడా మిగల్లేదని 2002లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రకటించింది. అప్పటికీ హాజోలోని హయగ్రీవ మాధవుడి కోనేట్లో అవి ఉన్నాయి, బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో బాయజీద్ బస్తామీ దర్గా చెరువులోనూ ఉన్నాయి. అక్కడ గుడికని, ఇక్కడ దర్గాకని జనం వాటి జోలికి పోలేదు, అంతే. తర్వాత నదిలోనూ కొన్ని కనిపించాయి. ఇప్పటికీ తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతే.

త్రిపురలో ఉదయపూర్ దగ్గర త్రిపురసుందరి గుడి ఉంది, 1501లో కట్టింది. గుట్ట తాబేలు వీపులా ఉంటుందని దాన్ని కూర్మపీఠమంటారు. పక్కనే కల్యాణ సాగరం, అందులోనూ ఈ తాబేళ్ళే. భక్తితోనే గట్లకి సిమెంటు చేశారు. తాబేలు నీళ్ళలో బతికినా గుడ్లు పెట్టాలంటే గట్టెక్కి మట్టి తవ్వుకోవాలి, సిమెంటులో ఏం తవ్వుతుంది? ఇది చదివినప్పుడు కాస్త సిగ్గేసింది, ఎందుకంటే మా చెరువుకి రాయి పరిపించాలని పంచాయతీ చుట్టూ తిరిగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మూడు వైపులా పరిచారు. నాలుగో వైపు, తాటిచెట్ల దగ్గర, డబ్బులు చాలక వదిలేశారు. మొన్న సాయంత్రం అక్కడ చిన్న గొయ్యి, చుట్టూ తెల్లటి పెంకు ముక్కలు కనిపించాయి. గుండ్రంగా, గోలీ కంటే పెద్ద, నిమ్మకాయ కంటే చిన్న గుడ్లవి. ముంగిస తిన్నదో, పిల్లలే బయటికొచ్చి నీళ్ళలోకి దిగాయో చెప్పలేను. పెద్దమ్మకి చూపిస్తే వంగి ఒక పెంకు తీసి కళ్ళకద్దుకుంది. తర్వాత గేదెల్ని తోలుకొస్తున్న కుర్రాణ్ణి కేకేసింది.

"ఒరే బాబూ, ఇటు దించకురా, అటు మెట్లేపు తోలు."