సీటు వచ్చింది సరే, సంచిలో ఏముంది?

డిగ్రీ అడ్మిషన్ల రోజుల్లో తిరుపతిలో ఏ జెరాక్స్ షాపు ముందైనా ఓ గంట నిలబడండి. మార్కులు చాలక దిగాలుగా ఉన్న పిల్లకాయలకంటే కాగితం చాలక పరుగులు పెట్టేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, 1983లో ఆడపిల్లల కోసం పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది, 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. ఊరి నిండా చదువే. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కే పిల్లకు మాత్రం ఆ గేట్లన్నీ సర్టిఫికెట్లు పెట్టుకున్న ఒక ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి.

అందులో అందరూ తేలిగ్గా తీసుకునేది స్టడీ సర్టిఫికెట్, ఏ ఏడు ఏ బడిలో చదివామో చెప్పే కాగితం. మనం స్థానికులమని చూపేది అదే. 85 శాతం సీట్లు స్థానికులకే. మనకు స్థానికం అంటే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం, అంటే రాయలసీమ జిల్లాలూ నెల్లూరూ. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఈ ప్రాంతంలో చదివి ఉండాలి. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. చిత్తూరు జిల్లాలో తిరకాసంతా ఇక్కడే. కుప్పం, పలమనేరు వైపు వాళ్లకు బెంగళూరు దగ్గర. చిత్తూరు, నగరి వైపు వాళ్లకు వేలూరు, చెన్నై దగ్గర. చుట్టాలూ అక్కడే, బస్సులూ అటే. ఇంటర్ అక్కడ చదివిస్తే ఆ నాలుగేళ్ల లెక్క తెగిపోతుంది, తాతల నాటి నుంచి ఇదే ఊళ్లో ఉన్నా సరే. ఇక మిగిలిన 15 శాతంలోనే పోటీ పడాలి. దానికి కూడా అమ్మానాన్నల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు తహసీల్దార్ దగ్గర నివాస ధ్రువపత్రం తెచ్చుకోవాలి. పదో తరగతి అయిపోగానే ఈ లెక్క వేసుకోవాలి. ఇంటర్ ఫలితాలు వచ్చాక వేసుకుని లాభం లేదు. మధ్యలో చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే రికార్డుల కోసం మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అడగండి. ఒక్కరోజులో అయ్యే పని కాదు.

రెండోది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఇంటర్ మెమోలో చివరికి పోయి ఉంటుంది. ఇలాంటప్పుడు ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్చుకోవాలి. తర్వాత వచ్చే ప్రతి సర్టిఫికెట్టూ ఆ మెమో చూసే రాస్తారు కాబట్టి. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. నెట్ సెంటర్ కుర్రాడు తొందరలో ఒక అక్షరం తప్పు కొడితే ఒక అవకాశం పోయినట్టే. అచ్చయిన రసీదు మీద స్పెల్లింగు వేలుపెట్టి చదివాకే కుర్చీలోంచి లేవండి.

డబ్బు దగ్గర జరిగే పొరపాటు ఇంకా చిత్రమైనది. "బ్యాంకుకు ఆధార్ లింకయింది సార్" అంటారు. కానీ స్కాలర్‌షిప్ పడేది ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఉన్న ఖాతాలో. ఆధార్ మీద వచ్చే సర్కారు డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో చెప్పే గుర్తు అది, ఒక్క బ్యాంకుకే ఉంటుంది. హాస్టల్ దగ్గర కొత్త ఖాతా తెరిచి, అక్కడిచ్చిన ఫారాల మీద చదవకుండా సంతకాలు పెడితే మ్యాపింగ్ ఆ బ్యాంకుకు మారిపోతుంది. డబ్బు అక్కడ పడుతుంది, పిల్ల పాత పాస్‌బుక్కు చూసుకుంటూ రాలేదని ఏడుస్తుంది. ఆధార్ వెబ్‌సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే ఏ బ్యాంకో తెలుస్తుంది, ఫోన్ నంబరు ఆధార్‌కు కలిపి ఉంటే చాలు.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు కావాలి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రాదు. ఇంటర్‌లో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే మార్కుల్లో వందకు పై ఇరవైమందిలో ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకపోతే కేంద్రం డిగ్రీకి ఏటా 12,000 రూపాయలిస్తుంది. అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ ఇది కూడా కావాలంటే కుదరదు, ఏది లాభమో ముందే చూసుకోవాలి. ఇంకో మాట: ఫీజు బాకీ ఉందని ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకునే కాలేజీలు ఉన్నాయి. పరిశీలించి అక్కడికక్కడే తిరిగివ్వాలనీ, నకళ్లు మాత్రమే ఉంచుకోవాలనీ విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు ప్రింటు ఒకటి కవర్లో పెట్టుకుంటే గొంతు కాస్త లేస్తుంది.

ఇంత అవస్థపడి చేరాక చదువు ఊరికేం చేస్తుందంటే, నా లెక్కలో దానికి జవాబు మొదటి ఏడాది వేసవిలో ఉంది. రెండో సెమిస్టర్ అవగానే డిగ్రీ పిల్లకాయలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చేయాలి, అంటే ఊళ్లో తిరిగి సర్వే చేసి రిపోర్టు ఇవ్వాలి. చాలామంది జెరాక్స్ షాపులో తయారుగా దొరికే రిపోర్టు కొని, పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేస్తారు. సిలబస్ మొత్తంలో సొంత ఊరికి పనికొచ్చే ముక్క అదొక్కటే, దాన్నే పారేసుకుంటారు.

సొంతంగా చేయాలనుకుంటే ప్రశ్న చిన్నది పెట్టుకోండి. "గ్రామాభివృద్ధి" అని రాస్తే ఏమీ రాదు. గత ఐదేళ్లలో మన వీధిలో ఇంటర్ పాసై ఆగిపోయినవాళ్లెవరు, ఎక్కడ ఆగారు? 40, 50 ఇళ్లు చాలు. పొద్దున పాల కేంద్రానికి పోయి వచ్చాక తొమ్మిది లోపల, లేదంటే దీపాలు పెట్టాక వెళ్లండి. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు. మొదటి ప్రశ్నగా ఆదాయం అడగొద్దు, రేషన్ కార్డు తీసేయడానికి వచ్చారనుకుని తలుపేస్తారు. పిల్లల చదువుతో మొదలుపెట్టండి. "ఎందుకు ఆపేశారు?" అంటే "ఆడపిల్ల గదమ్మా" అనో, "మావాడికి బుర్ర లేదు" అనో అంటారు. దాన్ని అక్కడితో రాసుకుని లేవకండి. "ఫీజు కట్టారా? సర్టిఫికెట్లు తెచ్చుకున్నారా?" అని రెండో మాట అడగండి. అప్పుడు అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. టీసీ ఉంటుంది, స్టడీ సర్టిఫికెట్ ఉండదు. ఉన్నా పేరు తప్పుంటుంది. ఆ తప్పును లాగ్‌బుక్‌లో రాసుకుని, ఆ పిల్లను వెంటబెట్టుకుని మర్నాడు ఊరి సచివాలయానికి వెళ్లండి.