ముందు వంపు గీయి, తర్వాత లెక్క చెయ్యి

మా పిన్ని కొడుకు ఈ ఏడాది సివిల్ సెకండియర్‌లోకి వచ్చాడు. మిడ్ పరీక్షల ముందు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఎస్‌ఓఎంలో ఎస్‌ఎఫ్‌డీ, బీఎండీ గీయడం వచ్చేసింది. ఏ లెక్క ఇచ్చినా చేస్తాను. కానీ ఆ గీసిన బొమ్మ దేనికో తెలియట్లేదు" అన్నాడు. ఎస్‌ఓఎం అంటే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, బరువు పడితే వస్తువులు ఎలా వంగుతాయో, ఎప్పుడు తెగుతాయో చెప్పే సబ్జెక్టు. ఎస్‌ఎఫ్‌డీ, బీఎండీ అంటే బీమ్ (దూలం) పొడవునా ఎక్కడ ఎంత షియర్ (కోసే బలం), ఎంత బెండింగ్ మూమెంట్ (వంచే ప్రభావం) ఉందో చూపే బొమ్మలు. నాకు ఆ మాట చాలా నచ్చింది. మార్కులు వస్తున్నా విషయం అందలేదని పసిగట్టి అడిగేవాళ్ళు తక్కువ.

నేను పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరినవాణ్ణి. కాబట్టి స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ డిప్లొమాలో ఒకసారి, బీటెక్‌లో ఇంకోసారి చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ డిజైన్ పని. లెక్కలన్నీ సాఫ్ట్‌వేరే చేస్తుంది, కానీ అది ఇచ్చిన జవాబు నమ్మాలో వద్దో చెప్పేది మాత్రం ఆ సెకండియర్ సబ్జెక్టే. వాడికి ఫోన్‌లో చెప్పినవీ తర్వాత వాట్సాప్‌లో రాసినవీ కలిపి ఇక్కడ పెడుతున్నాను.

వాడికి చెప్పిన మొదటి మాట ఇది: రియాక్షన్లు (ఆనించిన చోట్ల నుంచి వచ్చే ఎదురు బలాలు) కట్టకముందే, ఆ లోడ్ కింద బీమ్ ఎలా వంగుతుందో పెన్సిల్‌తో ఒక గీత గీయి. అంకెలు వద్దు. రెండు చివర్లా ఆనించిన బీమ్ మీద బరువు పెడితే నడుం కిందికి జారుతుంది. అప్పుడు అడుగు భాగం సాగుతుంది, పై భాగం నొక్కుకుపోతుంది. అదే ఒక చివర గోడలో బిగించి రెండో చివర గాల్లో వదిలేస్తే, అంటే కాంటిలీవర్ అయితే, సాగేది పైభాగం. బీఎండీలో మనం ప్లస్ అనీ మైనస్ అనీ, శాగింగ్ (అడుగు సాగడం) అనీ హాగింగ్ (పైభాగం సాగడం) అనీ రాసేది ఇదే. ఏ చోట ఏ వైపు సాగుతోంది, ఎంత గట్టిగా సాగుతోంది అన్నదే ఆ బొమ్మంతా.

సాగే వైపు ఏదో తెలిస్తే ఏమొస్తుంది? కాంక్రీట్ నొక్కితే బాగా ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోలేదు. ఎం20 గ్రేడ్ కాంక్రీట్ క్యూబ్ నొక్కుడుకి చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల దాకా ఆగుతుంది. వంపులో లాగుడుకి ఐఎస్ 456 (కాంక్రీట్ కట్టడాలకి మన దేశపు కోడ్) ఇచ్చిన సూత్రం ప్రకారం చూస్తే 3.13 దగ్గరే పగులుతుంది. అందుకే సాగే వైపు స్టీల్ పెడతాం.

మన ఇళ్ళకి కిటికీ మీద సజ్జ ఉంటుంది చూడండి, అది కాంటిలీవర్. దాని మెయిన్ రాడ్లు పైన ఉండాలి, లింటెల్‌లోకి (కిటికీ మీది దూలంలోకి) బాగా లోపలికి వెళ్ళి ఉండాలి. రాడ్ కట్టేటప్పుడు చాలామంది మేస్త్రులు సరిగ్గానే పైన కడతారు. పాడయ్యేది కాంక్రీట్ పోసేటప్పుడు. గమేళాలు మోసేవాళ్ళు ఆ రాడ్ల మీదే నడుస్తారు, కింద చెయిర్లు (రాడ్లని ఎత్తి పట్టే ఇనుప కాళ్ళు) లేకపోతే రాడ్ అడుగుకి దిగిపోతుంది. 100 మిల్లీమీటర్ల మందం సజ్జలో కింది అంచు నుంచి 80 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాల్సిన రాడ్ 50కి దిగితే, బలంలో మూడో వంతు కంటే ఎక్కువే పోయినట్టు. పైనుంచి చూస్తే ఏ తేడా కనిపించదు. సెంట్రింగ్ విప్పిన రోజున గానీ, ఎవరో పూలకుండీలు పెట్టిన రోజున గానీ గోడ అంచు వెంట పైన సన్నటి పగులు వస్తుంది. ఇది నేను సైట్‌లో చూశాను. ఆ రోజు నుంచి నా డ్రాయింగ్‌లో సజ్జ ఉంటే పక్కనే చెయిర్ల వివరం పెద్దగా వేస్తాను.

పైగా కాంటిలీవర్ దయ లేనిది. ఒకే పొడవు (ఎల్), ఒకే యూడీఎల్ (పొడవునా సమానంగా పరిచిన బరువు, మీటరుకు డబ్ల్యూ) తీసుకుంటే సింప్లీ సపోర్టెడ్ బీమ్‌లో, అంటే రెండు చివర్లా ఊరికే ఆనించినదాంట్లో, గరిష్ఠ మూమెంట్ డబ్ల్యూఎల్ స్క్వేర్ బై ఎయిట్, కాంటిలీవర్‌లో డబ్ల్యూఎల్ స్క్వేర్ బై టూ. నాలుగు రెట్లు. డిఫ్లెక్షన్ (వంగి దిగే దూరం) అయితే 9.6 రెట్లు. ఈ రెండు సూత్రాలూ వాడికి కంఠతా వచ్చు. పక్కపక్కన పెట్టి భాగించి చూడమంటే, "ఇంత తేడానా!" అన్నాడు. సూత్రాన్ని ఒంటరిగా బట్టీ పట్టడం కంటే, రెండు సూత్రాలని పోల్చి చూస్తే సబ్జెక్టు మాట్లాడుతుంది.

బెండింగ్ ఈక్వేషన్ కూడా అంతే. ఎం బై ఐ, ఎఫ్ బై వై, ఈ బై ఆర్, మూడూ సమానం. ఎం మూమెంట్, ఐ అడ్డకోత ఆకారం వంపుని ఎంత ఆపుతుందో చెప్పేది, ఎఫ్ లోపలి లాగుడు లేదా నొక్కుడు, వై మధ్య పొర నుంచి దూరం, ఈ వస్తువు గట్టిదనం (యంగ్స్ మాడ్యులస్), ఆర్ వంపు వ్యాసార్ధం. డెరివేషన్ పరీక్షలో వస్తుందని అందరూ నేర్చుకుంటారు. కానీ అందులోని ఒక్కో అక్షరాన్నీ చేత్తో తడిమి చూడొచ్చు. ప్లాస్టిక్ స్కేల్ తీసుకో. పడుకోబెట్టి వంచితే వంగుతుంది, నిలబెట్టి వంచితే వంగదు. ప్లాస్టిక్ మారలేదు, కొలతలు మారలేదు, మారింది ఐ ఒక్కటే. మన ఇళ్ళలో 230 బై 450 బీమ్‌ని 450 నిలువుగా పెడతాం. దాన్నే అడ్డంగా పడుకోబెడితే బలం దాదాపు సగానికి పడిపోతుంది, వంగడం 3.8 రెట్లు పెరుగుతుంది. అదే కాంక్రీటు, అదే ఖర్చు. (ఇంటి ఓనర్లు "బీమ్ కిందికి కనిపిస్తోంది, లోతు తగ్గించండి" అన్నప్పుడల్లా నేను ఈ లెక్కే కాగితం మీద వేసి చూపిస్తాను. చాలామంది ఒప్పుకుంటారు.)

ఇంటర్వ్యూలకి వచ్చే పిల్లల్ని నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. స్టీల్ బీమ్ ఎక్కువ వంగుతోంది, అదే సైజులో ఇంకా బలమైన గ్రేడ్ స్టీల్ వేస్తే వంపు తగ్గుతుందా? ఎక్కువమంది తగ్గుతుందంటారు. తగ్గదు. 250 గ్రేడ్ మైల్డ్ స్టీల్ అయినా ఇంకా పై గ్రేడ్ అయినా యంగ్స్ మాడ్యులస్ రెండు లక్షలే, చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో. గట్టిదనం వేరు, బలం వేరు. ఎంత బరువుకి ఎంత వంగుతుంది అనేది గట్టిదనం. ఎంత బరువుకి లొంగిపోతుంది అనేది బలం. ఈ రెండూ విడివిడిగా మనసులో పడ్డాయంటే సగం ఎస్‌ఓఎం వచ్చినట్టే.

ఇదంతా ఒక్కరికి ఒక్కరోజులో తట్టింది కాదు. 1638లో గెలీలియో గోడకి బిగించిన దూలం ఎప్పుడు విరుగుతుందో లెక్క కట్టాడు. బలం వెడల్పుతోనూ, లోతు వర్గంతోనూ పెరుగుతుందని సరిగ్గా పట్టుకున్నాడు. అయితే దూలం కింది అంచు మీద తిరుగుతుందనీ, పైనుంచి కిందిదాకా అంతా ఒకేలా సాగుతుందనీ అనుకున్నాడు. అందుకని అతని జవాబు మనం ఇప్పుడు కట్టేదానికి మూడు రెట్లు వస్తుంది. సగం నొక్కుకుంటుంది, సగం సాగుతుంది, మధ్యలో ఏదీ కాని పొర ఒకటుంటుంది అనే సంగతి స్థిరపడటానికి వందేళ్ళకు పైనే పట్టింది. 1773లో కూలుంబ్ ఫ్రెంచ్ అకాడమీ ముందు పెట్టిన వ్యాసంలో అది చక్కగా కనిపిస్తుంది. విద్యుదావేశాల నియమం చెప్పిన కూలుంబే. ఆ మధ్య పొరనే న్యూట్రల్ యాక్సిస్ అని మనం ఒక చుక్కల గీత గీసేసి ముందుకు పోతాం. నాకైతే ఆ గీత మీద ఎంతో గౌరవం.

ఇక ల్యాబ్. ల్యాబ్‌ని రికార్డ్ రాయడానికే అనుకునేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. నా మాట నడిస్తే థియరీ మొదలెట్టకముందే అందరినీ యూటీఎం (రాడ్‌ని లాగి తెంపి చూసే మెషిన్) దగ్గర నిలబెడతాను. మా కాలేజీలో ఉన్నది పాత రకం, పెద్ద గుండ్రటి డయల్, దాని మీద రెండు ముళ్ళు. ఒకటి నల్లది, లోడ్‌తోపాటు తిరుగుతుంది. ఇంకోటి ఎర్రది, నల్లముల్లు తోసినంత దూరం వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. 12 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ రాడ్‌ని రెండు దవడల మధ్య బిగిస్తారు. ముల్లు నిలకడగా ఎక్కుతుంది. గ్రేడ్ లెక్కన 28 కిలోన్యూటన్ల దగ్గర లొంగాలి, అసలు రాడ్ సాధారణంగా ఇంకొంచెం మోస్తుంది. లొంగే క్షణంలో ముల్లు ఆగి, కాస్త వెనక్కి వచ్చి, అక్కడే వణుకుతుంది. రాడ్ మీది నల్లటి పొట్టు రాలడం మొదలవుతుంది. చేత్తో రుద్దినట్టు పొడిపొడిగా కింద పడుతుంది. లోపల స్టీల్ జారుతోంది, పైపొట్టు దానితోపాటు సాగలేకపోతోంది. పుస్తకంలో అప్పర్ యీల్డ్, లోయర్ యీల్డ్ (యీల్డ్ అంటే లొంగడం) అని రెండు చుక్కలుగా ఉండేది ఇదే.

తర్వాత ముల్లు మళ్ళీ ఎక్కుతుంది, ఈసారి నెమ్మదిగా. పంపు ఆపకుండా నూనె తోస్తూనే ఉన్నా ఒకచోట నల్లముల్లు దానంతటదే దిగడం మొదలుపెడుతుంది, ఎర్రముల్లు పైనే ఉండిపోతుంది. అప్పుడు డయల్ వైపు కాదు, రాడ్ వైపు చూడాలి. ఒకచోట మెడలా సన్నబడుతూ ఉంటుంది. ఆ తర్వాత తెగిన చప్పుడుకి ఎంత సిద్ధంగా ఉన్నా అందరూ ఉలిక్కిపడతారు. తెగిన ముక్కని వెంటనే పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. మనం పెట్టిన పనిలో చాలా భాగం వేడిగా మారింది. ఒక ముక్క చివర గిన్నెలా గుంటపడి, రెండోది ఆ గుంటలో అమరేలా ఉంటుంది.

కాస్ట్ ఐరన్ పెట్టి చూస్తే ఇవేవీ ఉండవు. వణుకు లేదు, మెడ లేదు, చెప్పాపెట్టకుండా తెగిపోతుంది. ఈ రెండు ప్రయోగాలూ వెంటవెంటనే చూసినవాడికి, థర్డియర్ ఆర్‌సీసీలో అండర్ రీఇన్‌ఫోర్స్‌డ్ సెక్షన్ ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. కాంక్రీట్ నలిగేలోపే స్టీల్ లొంగాలి. బీమ్ వంగి, పగుళ్ళు చూపించి, లోపలివాళ్ళు బయటికి వచ్చేదాకా టైమివ్వాలి. ఎక్కువ స్టీల్ వేస్తే ఎక్కువ భద్రం అనే నమ్మకం అక్కడే పోతుంది.

ల్యాబ్ దొరకని రోజు చాక్‌పీస్ చాలు. రెండు చివర్లా పట్టుకుని మెలితిప్పితే 45 డిగ్రీల వాలులో, మెలికలా తెగుతుంది. వంచి విరిస్తే మాత్రం నేరుగా తెగుతుంది. మెలితిప్పినప్పుడు పుట్టేది షియర్, కానీ అదే షియర్ 45 డిగ్రీల వాలులో లాగుడుగా కనిపిస్తుంది. చాక్‌పీస్‌కి లాగుడే చేతకాదు కాబట్టి ఆ వాలులో తెగుతుంది. మైల్డ్ స్టీల్ రాడ్‌ని టోర్షన్ మెషిన్‌లో తిప్పితే అడ్డంగా, నున్నగా తెగుతుంది, దానికి చేతకానిది షియర్. మోర్స్ సర్కిల్ (ఏ వాలులో ఎంత లాగుడు, ఎంత షియర్ ఉందో వృత్తం గీసి తేల్చే పద్ధతి) అంటే భయపడే పిల్లలకి ముందు చాక్‌పీస్ ఇచ్చి, ఆ తర్వాతే కంపాస్ ఇవ్వాలి. బీమ్‌లో పిల్లర్ల దగ్గర వచ్చే పగుళ్ళు ఏటవాలుగా ఉండేదీ ఇందుకే, అక్కడ రింగులు దగ్గరదగ్గరగా కట్టేదీ ఇందుకే.

కాలమ్స్ చాప్టర్‌కి మా గోదావరి జిల్లాల్లో ల్యాబ్ కూడా అక్కర్లేదు. స్లాబ్ కింద సెంట్రింగ్‌కి నిలబెట్టే సర్వీ బాదుల్ని (సరుగుడు కర్రల్ని) చూడండి. ఇప్పుడు ఇనుప ప్రాప్‌లు వస్తున్నా పల్లెల్లో ఇంకా అవే. సగం ఎత్తులో అడ్డంగా కర్రలు కట్టి ఒకదానికొకటి బిగిస్తారు. నలుగురు నడవడానికి అడ్డమని ఎవరైనా విప్పబోతే పెద్ద మేస్త్రి ఊరుకోడు. 1744లో ఆయిలర్ ఇచ్చిన సూత్రంలో, ఎంత బరువుకి కాలమ్ పక్కకి వంగిపోతుందో చెప్పేదాంట్లో, పొడవు వర్గం హారంలో ఉంటుంది. మధ్యలో పట్టుకుంటే పొడవు సగమవుతుంది, బాది పక్కకి వంగిపోకుండా మోసే బరువు నాలుగు రెట్లవుతుంది. అయితే రెండు దిక్కులా కట్టాలి, ఆ అడ్డకర్రలు కూడా కదలని చోటికి బిగించి ఉండాలి. లేకపోతే బాదులన్నీ కలిసి ఒకే వైపు ఒరుగుతాయి.

ఇదంతా విన్నాక వాడు పాత ప్రశ్నపత్రాలు తీసి, ప్రతి లెక్కకీ వంపు మాత్రమే గీసి ఫొటోలు పంపడం మొదలుపెట్టాడు. ఒకటి మా ఇద్దరికీ బాగా నచ్చింది. రెండు సపోర్ట్‌ల మధ్య 6 మీటర్ల స్పాన్, ఒక సపోర్ట్ దాటి గాల్లోకి 2 మీటర్ల ఓవర్‌హ్యాంగ్, మొత్తం మీద మీటరుకు 10 కిలోన్యూటన్లు. వాడు స్పాన్‌ని కిందికి వంచి, ఓవర్‌హ్యాంగ్ చివరని కూడా సపోర్ట్ కంటే కిందికి దించి గీశాడు. బీఎండీ కట్టాడు: స్పాన్‌లో గరిష్ఠంగా 35.6 కిలోన్యూటన్ మీటర్లు, సపోర్ట్ మీద మైనస్ 20, గుర్తు మారేది ఆ సపోర్ట్‌కి 0.67 మీటర్ల ఇవతల. అన్నీ కరెక్ట్. కానీ ఓవర్‌హ్యాంగ్ చివర కిందికి దిగదు, పైకి లేస్తుంది.

"లోడ్ కిందికే ఉంది కదా అన్నయ్యా, ఎలా లేస్తుంది?"

స్పాన్ కిందికి వంగినప్పుడు సపోర్ట్ దగ్గర బీమ్ వాలు తిరుగుతుంది, ఆ వాలు ఓవర్‌హ్యాంగ్‌ని పైకి ఎత్తుతుంది. తన బరువుకి అది కాస్త తల వంచుతుంది, కానీ ఎత్తినంత కాదు. ఈఐ (పైన చెప్పిన ఈ, ఐల లబ్ధం) తో భాగించి రాస్తే ఎత్తేది 100, వంగేది 20, మిగిలేది 80, పైకే. అయినా ఓవర్‌హ్యాంగ్‌లో సాగేది పైభాగమే, రాడ్ పైనే. మూమెంట్ చెప్పేది వంపు ఎటు తిరిగిందో మాత్రమే, ఆ చోటు ఎత్తున ఉందో పల్లంలో ఉందో కాదు. అది తేల్చడానికే డిఫ్లెక్షన్స్ చాప్టర్.

మరి ఓవర్‌హ్యాంగ్ ఎంత పొడవైతే చివర సపోర్ట్‌తో సమానంగా ఉంటుందో కట్టమన్నాను. మెకాలే పద్ధతి (డిఫ్లెక్షన్ కట్టే ఒక పద్ధతి) కాలేజీలో ఇంకా చెప్పలేదంటూనే రాత్రంతా కూర్చుని చేశాడు. సుమారు 2.6 మీటర్లు. పొద్దున్నే ఫొటో పంపాడు, ఈసారి వంపు కూడా సరిగ్గా ఉంది.