ఈ ఏడాది ముగించిన గేమ్‌లు, అవి మాన్పించిన అలవాట్లు

ఈ ఏడాది ముగించిన గేమ్‌ల జాబితా చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు. పురుగుల రాజ్యంలో గంతులేసేది ఒకటి, పేకముక్కలది ఒకటి, ఓడలో చచ్చినవాళ్ల లెక్క తేల్చేది ఒకటి. కానీ అన్నిట్లోనూ ఇరుక్కుపోయే చోటు ఒకే రకం: అంతకుముందు ఆడిన గేమ్ నేర్పిన అలవాటు చేతిని వదలకపోవడం. అందుకే ర్యాంకులూ మార్కులూ పక్కనపెట్టి, ఏ గేమ్‌లో ఏ అలవాటు దెబ్బతీస్తుందో, దాని బదులు ఏం చేయాలో రాస్తున్నాను. ముగించడం అంటే నా లెక్కలో క్రెడిట్స్ పడటమే, నూటికి నూరు శాతం కాదు. కథలో మలుపులు చెప్పను, ఆడే పద్ధతులు మాత్రం దాచను.

ముందుగా హాలో నైట్: సిల్క్‌సాంగ్. 2025 సెప్టెంబర్ 4న వచ్చింది. 2017 నాటి హాలో నైట్ బాగా ఆడినవాళ్లే ఇందులో మొదట్లో ఎక్కువగా చస్తారు. పాత గేమ్‌లో మనం శత్రువును కొట్టే ఒక్కో దెబ్బకు 11 సోల్ (వైద్యానికి వాడే శక్తి), 33 సోల్‌కు ఒక మాస్క్ (హెల్త్ గడి). అంటే మూడు దెబ్బలకు ఒక మాస్క్ హెల్త్. కొత్తదాంట్లో దెబ్బకు ఒక సిల్క్, తొమ్మిది సిల్క్‌కు మూడు మాస్కులు. రేటు మారలేదు, చిల్లరగా తీసుకునే వీలు పోయింది. సిల్క్ నిల్వ ఉండే స్పూల్ నిండేదాకా ఏమీ రాదు, నిండాక ఒకేసారి మూడు వస్తాయి. మధ్యలో ఆశపడి ఒక సిల్క్ స్కిల్ (ప్రత్యేక దాడి) వాడితే నాలుగు సిల్క్ పోతాయి, అంటే దాదాపు సగం వైద్యం పోయినట్టే. బాస్ (దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువు) కదలికలు వంటబట్టేదాకా స్కిల్స్ జోలికి పోకపోవడం మేలు.

ఇందులో చాలా బాస్‌ల దెబ్బకు రెండేసి మాస్కులు పోతాయి. మొదట ఉండేది ఐదు మాస్కులు కాబట్టి మూడో దెబ్బకు ప్రాణం పోతుంది. నాలుగు మాస్క్ ముక్కలు ఏరి ఆరో మాస్క్ సంపాదించినా, వైద్యం చేసుకోకపోతే మూడో దెబ్బకే పోతాం. రెండో దెబ్బ తర్వాత ఒక్కసారి వైద్యం చేసుకోగలిగితేనే ఆరో మాస్క్ వల్ల ఇంకో దెబ్బ అదనంగా తట్టుకుంటాం. ఇంకో తమాషా లెక్క: ఐదు మాస్కులున్నప్పుడు మొదటి దెబ్బ తర్వాత వైద్యం చేసుకున్నా, రెండో దెబ్బదాకా ఆగి చేసుకున్నా, ప్రాణం పోయేది నాలుగో దెబ్బకే. మొదటి దెబ్బ తర్వాత చేసుకుంటే ఒక మాస్క్ వృథా అవుతుందనిపిస్తుంది గానీ నిజానికి నష్టం లేదు. కాబట్టి ఐదు మాస్కులున్నంతకాలం ఎప్పుడు చేసుకోవాలన్నది మాస్కుల లెక్కను బట్టి కాదు, బాస్ ఇచ్చే సందును బట్టి తేల్చుకోవాలి. గాల్లో ఉండగా కూడా చేసుకోవచ్చు, నేల మీద అలలు పంపే బాస్‌ల దగ్గర అదే సురక్షితం. మధ్యలో దెబ్బ తగిలితే మాత్రం సిల్క్ కూడా పోతుంది.

కింది వేటు ఇంకో తలనొప్పి. పాత గేమ్‌లో నిలువుగా కిందికి కొట్టేవాళ్లం. ఇందులో మొదట ఉండే హంటర్ క్రెస్ట్‌తో (క్రెస్ట్ అంటే దాడి తీరును మార్చే చిహ్నం) ఏటవాలుగా దూసుకెళ్తుంది. శత్రువుకు సరిగ్గా తలపైన కాకుండా ఒక ఒళ్లు వెడల్పు పక్కగా ఉండి నొక్కాలి. అది ఎంతకీ చేతికి పట్టకపోతే వాండరర్ క్రెస్ట్ తెచ్చుకోండి, దాంతో నిలువు వేటు తిరిగొస్తుంది. దాన్ని చేతకానితనంగా చూసేవాళ్లున్నారు. పట్టించుకోనక్కర్లేదు, అది గేమ్ ఇచ్చిన వస్తువే. చనిపోయిన చోట మిగిలే కకూన్‌ను పగలగొడితే స్పూల్ నిండుతుంది కాబట్టి, అది బాస్ గదిలోనే ఉంటే వెంటనే పగలగొట్టకండి. రెండు దెబ్బలు తిన్నాక కొడితే ఉచితంగా ఒక వైద్యం దొరికినట్టు.

పారీ (దెబ్బను సరైన క్షణంలో ఆయుధంతో అడ్డుకోవడం) సంగతికొస్తే, సెకిరోను (2019) ఎల్డెన్ రింగ్ తర్వాత ఆడితే చేతులు డాడ్జ్ (తప్పుకునే) బటన్ మీదే ఉంటాయి. ఇందులో దూరంగా జరగడం అంటే శత్రువుకు విశ్రాంతి ఇవ్వడమే, ఎందుకంటే వాడి పోశ్చర్ బార్ (నిండితే పట్టు తప్పే కొలత) ఆ వ్యవధిలో తగ్గిపోతుంది. ఆ తగ్గే వేగం వాడి హెల్త్ మీద ఆధారపడి ఉంటుంది: హెల్త్ నిండుగా ఉంటే చకచకా తగ్గుతుంది, తక్కువగా ఉంటే మెల్లగా. కాబట్టి ముందు ఎలాగోలా నాలుగు దెబ్బలు వేసి హెల్త్ దింపి, ఆ తర్వాతే డిఫ్లెక్ట్‌లతో (ఇందులో పారీ పేరు అదే) పోశ్చర్ నింపాలి. మన పోశ్చర్ త్వరగా తగ్గాలంటే పారిపోవడం కాదు, గార్డ్ బటన్ పట్టుకుని నిలబడటం. గార్డ్‌ను గబగబా నొక్కుతూ ఉంటే ఏదో ఒకటి తగులుతుందిలే అనుకుంటారు. గేమ్ దానికి శిక్షగా డిఫ్లెక్ట్ పడే వ్యవధినే కుదించేస్తుంది. దెబ్బకు ఒక్కసారి నొక్కి వదలండి. ఎర్ర అక్షరం కనిపిస్తే అది మూడు రకాల దాడులకూ ఒకటే గుర్తు, కాబట్టి అక్షరాన్ని కాదు, ఆయుధాన్ని చూడాలి: పొడుపైతే మికిరి కౌంటర్ (ఆయుధాన్ని కాలితో తొక్కే ఎదురుదాడి), నేల మీద ఊపైతే గెంతు, పట్టుకునేదైతే తప్పుకోవడం. లెవెల్స్ పెంచుకుని వద్దామంటే ఇందులో అవి లేవు. హెల్త్ కావాలంటే ప్రేయర్ బీడ్స్ నాలుగేసి ఏరాలి, దాడి బలం కావాలంటే పెద్ద బాస్‌లను గెలవాలి.

క్లెయిర్ ఓబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 (2025 ఏప్రిల్) వంతులవారీగా ఆడే గేమే, కానీ శత్రువు వంతులో మనం ఊరికే కూర్చోకూడదు. సెకిరో నుంచి వచ్చినవాళ్లు మొదటి పోరాటం నుంచే పారీ కోసం ప్రయత్నించి నేలకరుస్తారు. పారీ వ్యవధి డాడ్జ్ కంటే బాగా చిన్నది. సరైన క్రమం ఇది: కొత్త శత్రువు దగ్గర ముందు డాడ్జ్ మాత్రమే చేయండి. డాడ్జ్‌కు "పర్ఫెక్ట్" అని పడితే ఆ క్షణంలో పారీ నొక్కినా పడేదని అర్థం. అలా వరుసగా పడటం మొదలయ్యాక పారీకి మారండి. పారీకి ఏపీ (నైపుణ్యాలకు ఖర్చయ్యే పాయింట్లు) వస్తుంది, వరుస దెబ్బలన్నీ పారీ అయితే కౌంటర్ (ఎదురుదాడి) కూడా వస్తుంది, అందుకే ఆ శ్రమ. ఇక్కడి శత్రువులు కత్తి ఎత్తి కావాలని ఆగుతారు. ఎత్తినప్పుడు కాదు, దించడం మొదలుపెట్టినప్పుడు నొక్కాలి.

ఈ రెండు గేమ్‌ల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎంత ఆడినా టైమింగ్ కుదరకపోతే తప్పు చేతులది కాకపోవచ్చు, టీవీది కావచ్చు. సెకనుకు 60 ఫ్రేమ్‌లైతే ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. టీవీలో గేమ్ మోడ్ పెట్టకపోతే బొమ్మను నునుపు చేసే ప్రాసెసింగ్ వల్ల ఐదారు ఫ్రేమ్‌ల ఆలస్యం తేలిగ్గా చేరుతుంది. బొమ్మ ఆలస్యంగా కనిపిస్తే పారీ కూడా ఆలస్యంగానే నొక్కుతాం. గేమ్ మోడ్ ఆన్ చేయండి, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ఆ సెట్టింగ్ చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్ట్‌కు విడిగా ఉంటుంది, కన్సోల్ పోర్ట్ మార్చినప్పుడు మళ్లీ చూసుకోవాలి. ఎక్స్‌పెడిషన్ 33లో చాలా దాడులకు శబ్దమే సూచన, బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ శబ్దం ఆలస్యంగా చేరుతుంది. వైరుదే వాడండి.

ఎక్స్‌పెడిషన్ 33 గురించి మరో రెండు సంగతులు. పిక్టోస్ (బలాన్నిచ్చే వస్తువులు) ఒక్కొక్కరికి మూడే, కానీ ఒక పిక్టో పెట్టుకుని నాలుగు పోరాటాలు గెలిస్తే దాని లుమినా, అంటే అందులోని ప్రత్యేక గుణం, అందరికీ వస్తుంది. కాబట్టి నచ్చిన మూడింటినే పట్టుకుని వేలాడకుండా, నాలుగు పోరాటాలు కాగానే మార్చేస్తూ ఉండండి. బలహీనమైన శత్రువులున్న చోట ఈ పని చేసుకోవచ్చు. రెండోది, మూడో అంకంలో మ్యాప్ అంతా తెరుచుకుంటుంది. ఇలాంటి గేమ్‌లలో పక్క పనులన్నీ తుడిచిపెట్టి చివరి బాస్ దగ్గరికి వెళ్లే అలవాటుంది కదా, అదే ఇక్కడ కొంప ముంచుతుంది. ఒక్కో దెబ్బ బలానికి ఉండే 9999 హద్దు దాటించే పిక్టో చేతికొచ్చి, పక్క బాస్‌లనూ ముగించి వెళ్తే చివరి పోరాటం మొదలవకముందే అయిపోతుంది. కథకు అంత బరువున్న చోట అలా జరగడం అన్యాయం. తోటివాళ్ల సొంత కథలు ముగించి, నేరుగా చివరికి వెళ్లండి. మిగతావి క్రెడిట్స్ తర్వాత చూసుకోవచ్చు.

ఎల్డెన్ రింగ్ విస్తరణ షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ (2024 జూన్) దీనికి సరిగ్గా తిరగబడ్డ కేసు. పక్క దారులు తిరగకుండా నేరుగా వెళ్తేనే ఇక్కడ చస్తాం. రాడాన్, మోగ్ ఇద్దరినీ గెలిస్తే గానీ లోపలికి రానివ్వదు కాబట్టి అప్పటికే మన లెవెల్ బాగానే ఉంటుంది, ఆ ధీమాతో మొదటి కోట మీదికి పోతాం. కానీ ఇక్కడి బలం లెవెల్‌లో లేదు, స్కాడుట్రీ ముక్కలనే వస్తువుల్లో ఉంది. మొత్తం 50 ముక్కలు, వాటితో ఆశీస్సు 20వ స్థాయి దాకా పెరుగుతుంది. మన దెబ్బ బలమూ, తట్టుకునే శక్తీ రెండూ పెరుగుతాయి, అదీ ఈ నేల మీద మాత్రమే. ముక్కలు ఎక్కువగా శిలువ గుర్తుల దగ్గరా, కుండ మోసుకుంటూ నిలబడ్డ నీడ మనుషుల దగ్గరా దొరుకుతాయి. ఏ బాస్ అయినా రెండు దెబ్బల్లో చంపేస్తుంటే మళ్లీ మళ్లీ గుద్దుకోకండి, గుర్రమెక్కి మ్యాప్ మీద తిరగండి. హెల్త్ పెంచే వైగర్ 60 లేకపోతే ముందు అది చూసుకోండి: 40 దగ్గర హెల్త్ 1450, 60 దగ్గర 1900, అక్కడి నుంచి 99 దాకా పోసినా పెరిగేది 200 మాత్రమే. బరువు 70 శాతం దాటితే రోల్ బద్ధకంగా మారుతుందన్నది పాత సంగతే అయినా, కొత్త కవచం దొరికిన ఆనందంలో అందరూ మర్చిపోయేది అదే.

పేకముక్కల గేమ్ బలాట్రోలో (2024) చేయి పనేం లేదు, లెక్క పనే. రాజుల జత వేశారనుకుందాం: చిప్స్ 30, మల్ట్ 2, వీటి గుణకారమే స్కోరు. ఎడమవైపు మల్ట్‌కు నాలుగు కలిపే జోకర్ (స్కోరు పెంచే ప్రత్యేక ముక్క), కుడివైపు మూడుతో గుణించేది ఉంటే (2+4)×3 అంటే 18, స్కోరు 540. అవే రెండు జోకర్లు తారుమారైతే 2×3+4 అంటే 10, స్కోరు 300. జోకర్లు ఎడమ నుంచి కుడికి పనిచేస్తాయి కాబట్టి కూడికలు ఎడమన, గుణకారాలు కుడిన. చాలామంది దుకాణంలో కొన్న క్రమంలోనే వదిలేసి ఐదో ఆంటీ (ante, అంటే ఆటలో ఒక దశ) దగ్గర ఆగిపోతారు. వడ్డీ ప్రతి ఐదు డాలర్లకూ ఒకటి, ఎక్కువలో ఎక్కువ ఐదు. అందుకే వీలైనంత తొందరగా 25 డాలర్లు కూడబెట్టి, దాని పైన ఉన్నదే ఖర్చుపెట్టాలి. మామూలు స్థాయిలో ఎనిమిదో ఆంటీ బాస్ అడిగేది సాధారణంగా లక్ష. ఒక్క గుణకార జోకరైనా లేకుండా అక్కడికి చేరడం కష్టం.

బాల్డర్స్ గేట్ 3లో (2023) పొదుపే దోషం. మందులూ మంత్రాలూ దాచుకునే అలవాటున్నవాళ్లు లాంగ్ రెస్ట్ (శిబిరంలో రాత్రి నిద్ర) తీసుకోరు. తోటివాళ్ల కథలు చాలావరకు శిబిరంలో రాత్రిపూటే కదులుతాయి, నిద్రపోకపోతే అవి వరుసలో నిలబడిపోయి కొన్ని రానే రావు. మామూలు కష్టస్థాయిలో ఒక లాంగ్ రెస్ట్‌కు 40 సరుకులు, ఇంకా కష్టమైన టాక్టీషియన్ స్థాయిలో 80. పెట్టెలన్నీ వెతికితే సరుకులకు కొదవ ఉండదు. మినహాయింపు ఒక్కటే: కాలిపోతున్న సత్రం లాంటివి కళ్లపడితే ఆ పని అయ్యాకే పడుకోవాలి.

ఇక ఆయుధాలతో పనిలేని మూడు. రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ (2018) ఓడలోని 60 మంది గతి తేల్చమంటుంది, ఒకేసారి మూడు సరైతే గానీ సరేననదు. రెండు ఖాయంగా తెలిసి మూడోది ఊహిస్తూ పోతే గెలుస్తాం గానీ గేమ్ చచ్చిపోతుంది. బొమ్మలో ఒకరి మొహం మసకగా ఉంటే ఆధారం ఇంకా చాల్లేదని అర్థం, దాన్ని వదిలేయండి. స్పష్టంగా మారితే యాస, బట్టలు, చెప్పులు, ఉయ్యాల పడక మీది నంబరు చూడండి. ఔటర్ వైల్డ్స్‌లో (2019) 22 నిమిషాలకు ప్రపంచం మొదటికొస్తుంది, మనకు మిగిలేది తెలిసిన విషయమే. అంతరిక్ష నౌకను అప్‌గ్రేడ్ చేయడం ఉండదు. నౌక లాగ్‌లో (కనుగొన్నవి నమోదయ్యే చోట) ఇంకా చూడాల్సింది ఉందని గుర్తున్న చోటుకే మళ్లీ వెళ్లాలి. ఆటోపైలట్ దారిలో సూర్యుడున్నాడో లేదో చూడదు, కాబట్టి నొక్కే ముందు మీరే చూడండి.

బ్లూ ప్రిన్స్ (2025) ఐదు నిలువు వరుసలు, తొమ్మిది అడ్డ వరుసల ఇల్లు: 45 గదులు, వెతికేది 46వది. తలుపు తీసినప్పుడల్లా అవతల ఏ గది వేయాలో మనమే ఎంచుకుంటూ ఇంటిని కట్టుకుంటూ పోవాలి. రోజుకు 50 అడుగులతో మొదలు, గది మారినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. అందరూ చేసేది ఉత్తరం వైపు పరుగు. పైకి పోయే కొద్దీ తాళాలు పెరుగుతాయి, తాళంచెవులు లేక ఆగిపోతాం. కింది వరుసల్లోనే, మూలల్లోనే ముందుకు దారి లేని గదులు వేసేయండి. ఒకసారి వేసిన గది మామూలుగా ఆ రోజు మళ్లీ రాదు కాబట్టి పై వరుసల్లో మంచి గదులు వచ్చే అవకాశం పెరుగుతుంది. కొన్ని గదులు వేయడానికి ఖర్చయ్యే రత్నాలు చేతిలో లేకుండా నాలుగో వరుస దాటకండి. గోడల మీది బొమ్మలు, ఉత్తరాలు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి గది పేరుతో దాచుకోండి, ఎందుకంటే ఆ గది మళ్లీ ఎప్పుడు పడుతుందో మన చేతిలో లేదు. 46వ గదికి చేరాక క్రెడిట్స్ పడతాయి గానీ ఆ స్క్రీన్‌షాట్లు తుడిచేయకండి, వాటిలో చాలావాటికి అప్పటికింకా అర్థం తేలి ఉండదు.