మలావీలో కాపురం పెట్టబోయే సేవకుల కుటుంబాలకు

ఆఫ్రికాలోని మలావీకి సువార్త సేవకు వెళ్లే తెలుగు కుటుంబాలు వాక్యం, పాటలు, ప్రసంగాల విషయంలో బాగానే సిద్ధపడి బయలుదేరతాయి. అక్కడ ఇల్లు ఎలా నడపాలో మాత్రం వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. మొదటి ఏడాది మనిషిని అలసగొట్టేది నీళ్లు, పొయ్యి, జ్వరం, గుమ్మంలో నిలబడి సాయం అడిగేవాళ్లు. ఇవి ఒక దారికి వస్తేనే పరిచర్య మీద మనసు నిలుస్తుంది. అందుకే ఇందులో ప్రసంగం గురించి తక్కువ, ఇంటి గురించి ఎక్కువ రాస్తున్నాను.

మనవాళ్లు సువార్త పట్టుకొని ఆఫ్రికా వెళ్లడం ఇవాళ్టి మాట కాదు. 1903లోనే తెలుగు బాప్తిస్టు సంఘాలు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపాయి. అయితే ఆయన వెళ్లింది అక్కడి తోటల్లో పనిచేస్తున్న తెలుగు కూలీల మధ్యకు. మీకు ఆ ఊతం ఉండదు. మలావీలో సంఘం చిచేవా మాట్లాడుతుంది, ఉత్తరాన అయితే తుంబుకా.

కాగితాలతో మొదలుపెడదాం. విజిటింగ్ వీసా మీద వెళ్లి సేవ చేద్దామని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. పిలిచిన సంఘం ద్వారా పని అనుమతికి దరఖాస్తు పెట్టించండి. దానికి పాస్‌పోర్ట్ సేవా కేంద్రం నుంచి పోలీస్ క్లియరెన్స్ ముందే తీసి పెట్టుకోండి. చాలామంది మరిచేది ఎల్లో ఫీవర్ టీకా. మలావీ ఆ జ్వరం ఉన్న దేశం కాదు కదా అని వదిలేస్తారు. కానీ విమానం ఇథియోపియా మీదుగానో కెన్యా మీదుగానో వెళ్తుంది. అక్కడి విమానాశ్రయంలో 12 గంటలు దాటి ఆగితే మలావీవాళ్లు కార్డు అడుగుతారు. తిరుగు ప్రయాణంలో మన దేశం ఇంకా గట్టిగా చూస్తుంది. కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఈ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. వేయించుకున్న పదో రోజు నుంచి కార్డు చెల్లుతుంది, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చాలు.

సామానులో రెండు విషయాలు. అక్కడి ప్లగ్గులు ఇంగ్లండు తరహావి, మూడు చదరపు పిన్నులవి. మన మిక్సీ ప్లగ్గు అందులో దూరదు. వోల్టేజీ మాత్రం మనలాగే 230 కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, అడాప్టర్లు చాలు. రెండోది స్వెటర్లు. ఆఫ్రికా అంటే ఎండే అనుకొని నూలు బట్టలతో దిగితే జూన్, జూలైలో పిల్లలు వణికిపోతారు. రాజధాని లిలోంగ్వే సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన ఉంది, రాత్రిళ్లు పది డిగ్రీల కిందికి పోతుంది. ఎండలు ముదిరేది అక్టోబరులో. వానలు నవంబరులో మొదలై ఏప్రిల్‌ దాకా పడతాయి.

ఇక మలేరియా. ఈ విషయం గట్టిగా చెప్పాలి. "మన ఊళ్లో మలేరియా చూడలేదా ఏంటి" అనే ధైర్యం అక్కడ పనికిరాదు. పాడేరు, రంపచోడవరం వైపు పనిచేసినవాళ్లకు ఫాల్సిపేరం అనే ప్రాణాంతక రకం మలేరియా అంటే ఏమిటో తెలుసు. మైదానపు ఊళ్లవాళ్లకు ఎక్కువగా తెలిసింది వైవాక్స్ రకం, అది వణికించి వదిలేస్తుంది. మలావీలో దాదాపు అంతా ఫాల్సిపేరమే. పిల్లల్లో ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకు ఎక్కేస్తుంది. స్కాట్లండు మిషనరీలు 1875లో మలావీ సరస్సు ఒడ్డున కేప్ మెక్లియర్‌లో మిషను పెట్టారు. అక్కడ జ్వరాలతో మనుషుల్ని పోగొట్టుకొని 1881లో బండావేకు మారారు. అక్కడా తగ్గక 1894లో కొండ మీది ఖొండోవేకు వెళ్లారు. ఈనాటి లివింగ్‌స్టోనియా అదే. అప్పట్లో వాళ్లకు దోమ సంగతి తెలియదు. తెలిసి కూడా దోమతెర కట్టకపోవడానికి మనకు సాకు లేదు.

తెరను మంచం నాలుగు వైపులా పరుపు కిందికి దోపాలి. వేలాడదీసి వదిలేస్తే కింది నుంచి దోమ వస్తుంది, లోపల మీతోపాటే తెల్లవార్లూ ఉంటుంది. వెళ్లిన కొత్తలో వేసుకునే నివారణ మందు డాక్టరుతో మాట్లాడి తీసుకోండి. డాక్సీసైక్లిన్ అయితే పెద్దలకు రోజుకు 100 మిల్లీగ్రాములు, ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టాలి, ఆ ప్రాంతం వదిలాక ఇంకా నాలుగు వారాలు వేసుకోవాలి. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు అది ఇవ్వరు, వేరే మందు రాయించుకోవాలి. జ్వరం వస్తే "రేపు చూద్దాం" అనకండి, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. మలేరియా అని తేలితే అక్కడ సాధారణంగా ఇచ్చేది ఎల్.ఎ. (ల్యూమెఫాంట్రిన్, ఆర్టిమెథర్ కలిసిన) మాత్రలు. మూడు రోజుల్లో ఆరు మోతాదులు, రెండో మోతాదు మొదటిది వేసిన ఎనిమిది గంటలకు. పాలతోనో, నూనె పడిన అన్నంతోనో వేసుకోవాలి. ఖాళీ కడుపున వేస్తే మందు ఒంటికి సరిగా పట్టదు. రెండో రోజుకు జ్వరం దిగిందని మిగతావి దాచిపెడితే జబ్బు తిరగబెడుతుంది. సెలవులకు ఇంటికొచ్చాక మూడు నెలల్లోపు జ్వరం తగిలితే, ఇక్కడి డాక్టరుకు ముందుగా చెప్పాల్సిన మాట "ఆఫ్రికా నుంచి వచ్చాం" అన్నదే. చెప్పకపోతే టైఫాయిడ్ అనో డెంగీ అనో విలువైన సమయం పోతుంది.

చిన్న పిల్లలున్న తల్లులు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. నీడలో ఆరేసిన తడి బట్టల మీద పుట్సీ ఈగ గుడ్లు పెడుతుంది. ఆ బట్ట తొడుక్కుంటే ఒంటి వెచ్చదనానికి పురుగు బయటికొచ్చి చర్మంలోకి దూరుతుంది. నాలుగైదు రోజులకు సెగగడ్డలా ఉబ్బుతుంది. మధ్యలో సూదిమొనంత రంధ్రం, అందులో ఏదో కదులుతున్నట్టు దురద. దాన్ని గట్టిగా పిసికితే పురుగు లోపలే చితికి చీము పడుతుంది. ఆ రంధ్రం మీద వాజలీన్ మందంగా రాసి కొన్ని గంటలు వదిలేస్తే గాలి ఆడక పురుగే పైకి వస్తుంది, అప్పుడు రెండు వైపులా మెల్లగా నొక్కి తీయాలి. రాకుండా చేసుకునే దారి ఒక్కటే. బయట ఆరిన ప్రతి బట్టనూ రెండు వైపులా వేడిగా ఇస్త్రీ చేయడం. నడుం పట్టీలు, కుట్లు, పసిపిల్లల గుడ్డలు, దుప్పట్లు, లోదుస్తులు, ఏదీ వదలొద్దు. కరెంటు పోతుంటుంది కాబట్టి బొగ్గుల ఇస్త్రీపెట్టె ఇంట్లో ఉంచుకోండి.

సరస్సు నీళ్లు అద్దంలా ఉంటాయి, దిగాలనిపిస్తుంది. ఒడ్డున రెల్లు ఉన్నచోట నత్తల ద్వారా బిల్హార్జియా అనే పురుగుల జబ్బు అంటుతుంది. దిగితే ఆరు వారాల తరువాత పరీక్ష చేయించుకోండి, దానికి ప్రాజిక్వాంటెల్ మందు ఉంది. తాగే నీళ్లు వానాకాలంలో తప్పకుండా మరిగించాలి. 2022–23లో ఆ దేశ చరిత్రలోనే అతి పెద్ద కలరా అక్కడ వచ్చింది.

వంటింటి విషయంలో తెలుగువాళ్లు అదృష్టవంతులు. బోనోంగ్వే పేరుతో అమ్మేది మన తోటకూరే. థెరెరే అంటే బెండ. బ్వెంబా అంటే చింతపండు. దక్షిణాన చిక్వావా, న్సాంజే వైపు మునగాకు వండుకుంటారు. కరోంగా వైపు పండే కిలొంబేరో బియ్యం మంచి వాసనతో ఉంటుంది. అన్నిటికన్నా ఊరట కంది. దక్షిణ మలావీలో కందులు విరివిగా పండుతాయి, వాటిని నందోలో అంటారు. అవి మన దేశానికి ఎగుమతి అవుతాయి కూడా. సంతలో మాత్రం పొట్టుతో ఉన్న గింజలే దొరుకుతాయి. రాత్రి నానబెట్టి కుక్కర్లో పెట్టండి, పప్పులా మెత్తబడవు కానీ చింతపండు, ఎండుమిరపకాయ వేసి తాలింపు పెడితే అన్నంలోకి బాగుంటుంది. పప్పుగా చేసినది కావాలంటే లిలోంగ్వే, లింబేల్లో భారతీయుల దుకాణాలకు వెళ్లాలి, ధర ఎక్కువ. కుక్కర్ గ్యాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వు ఒకటి ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. కరెంటు లేనప్పుడు మ్బౌలా అనే బొగ్గుల కుంపటే గతి. దాన్ని తలుపులు మూసిన గదిలో పెట్టొద్దు, చలికని పడగ్గదిలోకి అసలే తేవద్దు. ఆ గాలికి నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఎవరింటికి వెళ్లినా పెట్టేది న్సిమా, మొక్కజొన్న పిండితో చేసిన సంగటి అనుకోండి. పొరుగింటి అమ్మ దగ్గర కూర్చొని నేర్చుకోవడం మంచిది. ముగ్గురు నలుగురికి లీటరు నీళ్లు, సుమారు 350 గ్రాముల పిండి. నీళ్లు గోరువెచ్చగా ఉండగానే రెండు గుప్పిళ్ల పిండి కలిపి జావలా చేయాలి. మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, ఆపైన ఎంత తిప్పినా విడదు. జావ ఉడుకుతూ ఎగిరి చేతుల మీద పడుతుంది కాబట్టి మూత పెట్టి నాలుగైదు నిమిషాలు ఉంచాలి. ఇక్కడ తొందరపడితే పచ్చివాసన పోదు. తరువాత మిగతా పిండి కొంచెం కొంచెంగా వేస్తూ మ్తీకో అనే చెక్క తెడ్డుతో గిన్నె అంచుకు నొక్కి నొక్కి తిప్పాలి. నీళ్లలో ముంచిన గరిటెతో ముద్దలుగా వడ్డిస్తారు. పక్కన ఆకుకూరో, వేరుశనగపొడి వేసిన గుమ్మడాకుల కూరో, ఉసిపా అనే చిన్న ఎండుచేపలో. చేత్తో తినడం మనకు అలవాటే. భోజనానికి ముందు చిన్నవాళ్లు చెంబుతో చేతుల మీద నీళ్లు పోస్తారు, వద్దనకుండా పోయించుకోండి. కూర చప్పగా ఉందని సంచిలోంచి పచ్చడి సీసా తీయకండి. వండిన ఆవిడ మనసు కష్టపడుతుంది.

గుమ్మం దగ్గర తలుపు కొట్టరు, "ఓదీ" అని పిలుస్తారు. మీరూ అలాగే పిలిచి, లోపలి నుంచి "ఓదీనీ" అన్నాకే అడుగు పెట్టండి. పొద్దున "మ్వాద్జూకా బ్వాంజీ?" అని, మధ్యాహ్నం దాటాక "మ్వాస్వేరా బ్వాంజీ?" అని పలకరించకుండా పని మాట ఎత్తడం పెద్ద మొరటుతనం. దుకాణంలో ఉప్పు కొనడానికైనా పలకరింపు ముందు. ఏది ఇచ్చినా పుచ్చుకున్నా రెండు చేతులతో, లేదా కుడిచేతి మోచేతిని ఎడమచేత్తో పట్టుకొని. ఊళ్లలో ఆడవాళ్లు పంజాబీ డ్రెస్ మీద చితెంజే గుడ్డ చుట్టుకుంటే మర్యాదగా చూస్తారు.

ఒక్క చావుకు వెళ్లకపోతే ఏడాది చేసిన పరిచర్య వెనక్కి పోతుంది. వీధిలో ఎవరు పోయినా, సంఘస్తులు కాకపోయినా వెళ్లాలి. ఆడవాళ్లు ఇంట్లో చాప మీద, మగవాళ్లు బయట కూర్చుంటారు. ప్రసంగం చేయమని అడిగితే తప్ప నోరు విప్పక్కర్లేదు, గంటల తరబడి పక్కన కూర్చోవడమే పని. చిపెపెసో అని ఇంటివాళ్లకు కొంత డబ్బు ఇస్తారు. ఎంత ఇవ్వాలో సంఘ పెద్దల్ని అడగండి. అందరికన్నా బాగా ఎక్కువ ఇస్తే తరువాతి చావుకు అదే లెక్క అవుతుంది, పేద పొరుగువాళ్లు చిన్నబోతారు.

డబ్బు దగ్గరే ఎక్కువమంది నలుగుతారు. అక్కడ భారతీయులంటే తరాలుగా దుకాణదారులు. మిమ్మల్ని చూసిన వెంటనే వ్యాపారి అనుకుంటారు, క్రైస్తవులని చెబితే ఆశ్చర్యపోతారు. కోతలు ఏప్రిల్‌లో. జనవరి, ఫిబ్రవరి నాటికి చాలా ఇళ్లలో గాదెలు ఖాళీ, గుమ్మంలోకి వచ్చేవాళ్లు పెరుగుతారు. వాళ్లు మోసగాళ్లు కారు, నిజంగా ఆకలితో ఉన్నవాళ్లు. నెలకు ఇంత అని పక్కన పెట్టి, ఎవరికి అన్నది సంఘ పెద్దలతో కలిసి తేల్చడం నాకు సరైన పద్ధతనిపిస్తుంది. ఒంటరిగా ఇస్తే మీరు దాతగా మిగులుతారు, పాస్టరుగా ఉండరు. అప్పులు ఇవ్వకండి. తీర్చలేనివాళ్లు సిగ్గుపడి ఆరాధనకు రావడం మానేస్తారు. మీ ఖర్చుల లెక్క అక్కడి డబ్బు క్వాచాలో వేసుకోవద్దు. 2022 మేలో డాలరు ధర 25 శాతం, 2023 నవంబరులో 44 శాతం పెరిగేలా ఆ డబ్బు విలువ తగ్గించారు. ఇక్కడి నుంచి పోషణ పంపేవాళ్లకు విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే రిజర్వు బ్యాంకు ఎల్.ఆర్.ఎస్. పథకం వ్యక్తులకే వర్తిస్తుంది, ట్రస్టులకు కాదు. పంపే సంఘం ట్రస్టు అయితే బయలుదేరకముందే ఆడిటర్‌తో మాట్లాడించండి.

ప్రసంగం మొదట్లో అనువాదకుడి ద్వారానే. నలభై నిమిషాల ప్రసంగంలో మీకు దక్కేది ఇరవై. ముందు రోజే కూర్చొని వచనాలు, ముఖ్యమైన ఉదాహరణ ఆయనకు చెప్పండి. ఒక్కో వాక్యం పూర్తి చేసి ఆగండి, సగంలో ఆపితే క్రియ దొరక్క ఆయన ఇబ్బంది పడతాడు. మన ప్రాస, మన సామెత అక్కడికి చేరవు. ఆరాధన మూడు గంటలు దాటవచ్చు. ఒక్కో గాయక బృందం లేచి పాడుతుంది, కానుకగా మొక్కజొన్న గంపలు, కోళ్లు కూడా వస్తాయి. వాచీ చూడకండి. మలావీ మనకన్నా మూడున్నర గంటలు వెనక కాబట్టి, మధ్యాహ్నం మూడున్నరకు ఇంటికి చేరి ఫోన్ చేసినా ఇక్కడ రాత్రి ఏడే, అమ్మానాన్నలు మేలుకొనే ఉంటారు.